దళసభ్యుల జీవననాణ్యతపై వ్యక్తిగత నేపథ్య ప్రభావం: సూర్యాపేట – కృష్ణాతీర ప్రాంత సాయుధపోరాటం (1946–1951)

వ్యాససంగ్రహం:

తెలంగాణ రైతాంగ సాయుధపోరాట చరిత్ర ఎక్కువగా ఘటనల చరిత్రగానూ, సిద్ధాంత చర్చగానూ రచింపబడింది. ముందువరుసలో నిలిచి పోరాడిన దళసభ్యుల నిత్యజీవితం, అందులో వారి పుట్టుక, భూమి, కులం, చదువు, లింగభేదం, కుటుంబస్థితి వహించిన పాత్ర విడిగా పరిశీలనకు రాలేదు. అడవిలోనూ చేలగట్లపైనా అందరిదీ ఒకే బతుకుగా కనిపించినా, ఆ బతుకును సహించిన తీరు, అందులో లభించిన తృప్తి, పోరాట విరమణానంతరం దక్కిన స్థితి వ్యక్తిగత నేపథ్యాన్ని బట్టి మారాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు నేటి సూర్యాపేట జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, పాలకీడు ప్రాంతాలను, పొరుగునున్న మిర్యాలగూడ ప్రాంతాన్ని ప్రధాన క్షేత్రంగా గ్రహించడమైనది.

కీలకపదాలు: సాయుధపోరాటం, దళం, జీవననాణ్యత, వెట్టి, సాపేక్ష లేమి, స్త్రీలు, మౌఖిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

జీవననాణ్యత అన్న భావన ఇటీవలిది. తాను జీవించే సంస్కృతి, విలువల నడుమ, తన లక్ష్యాలను, ఆశలను, ప్రమాణాలను అనుసరించి మనిషి తన స్థితిని తానెలా భావిస్తాడన్నదే జీవననాణ్యత అని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1990వ దశకంలో నిర్వచించింది. శారీరక స్థితి, మానసిక స్థితి, సామాజిక సంబంధాలు, పరిసరాలు అనే నాలుగు అంశాల కింద దానిని కొలిచే ప్రశ్నావళి కూడా రూపొందింది. ఈ నిర్వచనంలో చరిత్రకారునికి ముఖ్యమైనది ఒక్క విషయం: కొలత మనిషి బయట లేదు, అతని ప్రమాణాలలోనే ఉంది. ఒకే గట్క ముంత ఒకరికి లేమిగానూ, మరొకరికి కలిమిగానూ తోచవచ్చు.

సైనికుల విషయంలో ఈ సంగతిని మొదట విస్తారంగా గుర్తించినది అమెరికా సమాజశాస్త్రవేత్త శామ్యూల్ స్టౌఫర్ బృందం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో 5 లక్షలకు పైగా సైనికులను ప్రశ్నించి, ఆ ఫలితాలను ఆ బృందం 1949లో ‘ది అమెరికన్ సోల్జర్’ పేరిట ప్రకటించింది. సైన్యంలో చేరడాన్ని పెండ్లికాని వారికంటె పెండ్లయినవారు పెద్ద త్యాగంగా భావించారని అందులో తేలింది. దక్షిణ రాష్ట్రాల శిబిరాలలో ఉన్న నల్లజాతి సైనికుల అసంతృప్తి ఊహించినంత తీవ్రంగా లేకపోవడానికి, వారు తమను చుట్టుపక్కల ఊళ్లలోని తమ జాతి పౌరులతో పోల్చుకొనడం కారణమని ఆ బృందం వివరించింది. ‘సాపేక్ష లేమి’ అన్న పదం ఆ గ్రంథం ద్వారానే ప్రచారంలోకి వచ్చింది. ఆ సంపుటాలు వెలువడిన సంవత్సరంలోనే నల్లగొండ, వరంగల్లు జిల్లాల దళాలు భారతసైన్యం ముట్టడిలో ఉన్నాయి. అక్కడ ప్రశ్నావళితో ఎవరూ వెళ్లలేదు. మిగిలినవి స్మృతులు, పార్టీ పత్రాలు, దశాబ్దాల తరువాత సేకరించిన మౌఖిక కథనాలు.

ఈ ఆధారాలకు ఒక పరిమితి ఉన్నది. స్మృతిగ్రంథం రాయడానికి చదువు కావాలి, తీరిక కావాలి, అచ్చువేసే సంస్థతో సంబంధం కావాలి. పుచ్చలపల్లి సుందరయ్య, రావి నారాయణరెడ్డి, దేవులపల్లి వేంకటేశ్వరరావు, ఆరుట్ల రామచంద్రారెడ్డి వంటి నాయకుల రచనలు మనకు పుష్కలంగా లభిస్తున్నవి. జీతగాని కొడుకుగా దళంలో చేరినవాని స్వహస్తరచన మాత్రం అరుదు. అంటే పరిశీలించదలచిన నేపథ్య ప్రభావం ఆధారాల ఎంపికలోనే ముందుగా పనిచేసింది. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఈ లోటును కొంతవరకు పూరించింది. అందులోనూ చెప్పినవారి మాటకు, అడిగినవారి ప్రశ్నకు నడుమ మూడు దశాబ్దాలకు మించిన దూరం ఉన్నది.

2. క్షేత్రం: నది, సరిహద్దు, మెట్టనేల

పాలకీడు నేడు సూర్యాపేట జిల్లాలో ఒక మండలకేంద్రం. మండలానికి దక్షిణంగా కృష్ణ ప్రవహిస్తుంది. ఆవలి ఒడ్డు పల్నాడు. ఎగువన వాడపల్లి వద్ద మూసీ కృష్ణలో కలుస్తుంది. జాన్‌పహాడ్ దర్గా ఈ మండలంలోనిదే. నాగార్జునసాగర్ ఎడమకాలువ పారుతున్న నేటి వరిచేలను చూసి 1946 నాటి ఈ ప్రాంతాన్ని ఊహిస్తే పొరపాటు జరుగుతుంది. ఆనాడది జొన్న, సజ్జ, ఆముదం పండే మెట్టనేల. చెరువు కింది తడి మాగాణి కొద్దిపాటిదే, అదీ ఎక్కువగా దొర, పటేలు, పట్వారీల చేతిలోనిదే. సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అధీనంలో లక్షా 50 వేల ఎకరాల భూమి ఉండేదని సుందరయ్య నమోదు చేశారు.

సైనికుని జీవితంలో భూగోళానిది పెద్ద పాత్ర. కృష్ణ అప్పట్లో నైజాము రాజ్యానికి, మద్రాసు రాష్ట్రానికి హద్దు. కోదాడ పక్కనున్న మునగాల పరగణా చుట్టూ నైజాము నేల ఉన్నా, కృష్ణాజిల్లాలో భాగంగా మద్రాసు పాలనలో ఉండేది. కనుక ఈ ప్రాంతపు దళసభ్యునికి వెనుదిరిగే చోటు ఒకటి ఉండేది. పుట్టి ఎక్కి నది దాటితే, పరగణా గట్టు దాటితే, రజాకారు వెంటాడలేడు. కాని ఆవలి ఒడ్డు అందరికీ ఒకే విధంగా ఆశ్రయమివ్వలేదు. అక్కడ చుట్టరికం ఉన్న మోతుబరి కుటుంబపు యువకునికి ఇల్లు దొరికేది. ఊరు దాటి ఎన్నడూ ఎరుగని జీతగానికి పార్టీ శిబిరమే దిక్కు. 1948 ఆరంభం నుంచి మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టులపై నిర్బంధాన్ని పెంచడంతో ఆ శిబిరాలు కూడా పలచబడ్డాయి. చుట్టరికంతో దొరికిన ఇండ్లు మాత్రం పార్టీ శిబిరాల వలె అంత తొందరగా పోలీసుల కంటపడేవి కావు.

3. ఇంటినుంచి దళానికి

పోరాటంలో పాల్గొన్న వారి సామాజిక మూలాలు బహువిధమైనవి. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య గొర్రెలకాపరుల కుటుంబంవాడు. భూమికోసం దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన చిట్యాల ఐలమ్మ చాకలి స్త్రీ. ధర్మాపురం తండాకు చెందిన జాటోతు ఠాను లంబాడీ, 1950లో ప్రాణాలర్పించాడు. సూర్యాపేట ప్రాంతంలో దళాలను నడిపిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, అతని చెల్లెలు స్వరాజ్యం కరివిరాల కొత్తగూడెంలోని భూస్వామ్య కుటుంబంలో పుట్టినవారు. సుందరయ్య ఇచ్చిన లెక్క ప్రకారం గ్రామదళాలలో దాదాపు 10 వేలమంది, శాశ్వత గెరిల్లా దళాలలో సుమారు 2 వేలమంది ఉండిరి.

వీరందరూ ఒకే నియమానికి కట్టుబడినవారు. సహపంక్తి భోజనం, రాత్రి నడక, పగటి దాపరికం, వంతు కాపలా, మారుపేరు అందరికీ సమానం. ఆయుధం సైతం తొలినాళ్లలో సమానమే: గుతుప, వడిసెల, బర్మారు తుపాకి, ఇంటి గుమ్మం వద్ద కారంపొడి. కాని ఈ సమానత్వంలోకి అడుగుపెట్టిన వారు బయలుదేరిన మెట్లు వేరు.

వెట్టి చేసిన కుటుంబంనుంచి వచ్చినవాని పోలిక గడీతోనే. నాగుకు తెచ్చిన గింజలు తీరక తరతరాలుగా భగేలాగా ఉండిపోయిన కుటుంబాలు నల్లగొండ జిల్లాలో విరివిగా ఉండేవి. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలపై చట్టం చేసినా గ్రామంలో దాని అమలు నామమాత్రమే. అటువంటి ఇంటి యువకునికి దళంలో ఎదురైన ఆకలి కొత్తది కాదు, చలి కొత్తది కాదు, నిద్రలేమి కొత్తది కాదు. కొత్తగా దొరికినవి కొన్ని ఉన్నాయి: పేరు పెట్టి గౌరవంగా పిలిచే మనుషులు, రెడ్డి, కమ్మ, బ్రాహ్మణ యువకులతో ఒకే వరుసలో విస్తరి, దొర ఎదుట చెప్పులు విడువనక్కరలేని నడక. స్టౌఫర్ బృందం చెప్పిన సాపేక్ష లేమి ఇక్కడ తలక్రిందులుగా పనిచేసినది. శారీరక అంశంలో అతని జీవననాణ్యత మారలేదు, లేదా క్షీణించినది. మానసిక, సామాజిక అంశాలలో ఒక్కసారిగా పెరిగినది. మరణభయం నిత్యం వెంటనున్న మనిషి విషయంలో ఈ మాట వింతగా తోచవచ్చు. అయితే అట్టడుగు నేపథ్యం గలవారి మౌఖిక కథనాలలో ఆ రోజుల కష్టంతో పాటు ఆ రోజుల సంతోషం కూడా ఇంతగా కనిపించడానికి ఇంతకంటె మేలైన వివరణ లేదు.

భూమిగల ఇంటినుంచి వచ్చినవాని పరిస్థితి మరొక రకం. అతడు వదులుకొన్నది కంటికి కనబడేది: మేడ, పాడి, పెసరపప్పు అన్నం. ఆ త్యాగానికి ప్రజలలో గౌరవం లభించినది, నాయకత్వం లభించినది. మల్లు స్వరాజ్యం తన జీవితకథ ‘నా మాటే తుపాకీ తూటా’లోనూ, ఇతర సందర్భాలలోనూ బాల్యంలో తమ ఇంటి ధాన్యాన్ని వెట్టివారికి పంచిన సంగతిని పోరాటజీవితానికి ఆరంభంగా చెప్పుకొన్నారు. ఆ కథనం నిజాయితీని శంకించవలసిన అగత్యం లేదు. పంచడానికి గాదె ఉండడం ఒక నేపథ్యం, ఆ గింజలకోసం కొంగు పట్టడం మరొక నేపథ్యం అన్నదే ఇక్కడ గమనించదగినది. మొదటివారికి పోరాటం ఎంచుకొన్న బాట. రెండవవారికి అది తప్పించుకొనలేని బాట. ఎంచుకొన్న కష్టాన్ని మనిషి ఓర్చుకొనే తీరు వేరుగా ఉంటుంది.

కుటుంబస్థితి సంగతి కూడా ఇటువంటిదే. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు సేద్యం చూసుకొనే యువకుడు దళంలో చేరితే ఇంట్లో పొయ్యి ఆరదు. రెండెకరాల కౌలుదారు చేరితే ఆ ఏటి పంటే పోతుంది. అతని భార్య రజాకార్లకు, పోలీసులకు ఒంటరిగా జవాబు చెప్పుకోవలసి వచ్చేది. పెండ్లయిన సైనికుని మనసులోని బరువును గూర్చి అమెరికా సర్వే చెప్పినది తెలంగాణలో ఇంకా తీవ్రం. ఇక్కడ యుద్ధభూమికి, ఇంటికి నడుమ సముద్రం లేదు. ఒక్కొక్కప్పుడు రెండు చేల దూరం మాత్రమే ఉండేది. రాత్రివేళ సొంత ఊరి పొలిమేరలో పడుకొని, ఇంటికి పోరాదన్న నియమాన్ని పాటించడం దళసభ్యునికి నిత్యపరీక్ష.

4. అక్షరం, పదవి

దళంలో హోదాను నిర్ణయించినవి ధైర్యం, నమ్మకం అని పోరాట సాహిత్యం చెబుతుంది. అది నిజమే గాని సంపూర్ణం కాదు. ప్రాంతకమిటీకి నివేదిక రాయాలి, పై కమిటీ ఉత్తరువు చదవాలి, భూమి పంపిణీలో లెక్క కట్టాలి, గ్రామసభలో రాజకీయం చెప్పాలి. ఈ పనులకు అక్షరం అవసరం. హైదరాబాదు సంస్థానంలో ఉర్దూ పాలనాభాషగా ఉండి తెలుగు బడి అరుదైన కాలమది. ఆంధ్రమహాసభ, గ్రంథాలయోద్యమం అక్షరాన్ని అందించినదీ ముందుగా గ్రామంలోని పై వర్గాలకే. ఫలితంగా దళనాయకులలో అన్ని కులాలవారూ కనిపించినా, ప్రాంత, జిల్లా నాయకత్వానికి వెళ్లేకొద్దీ చదువుకొన్న భూవసతిగల కుటుంబాలవారి సంఖ్య పెరుగుతూ వచ్చింది.

ఇందుకు దళాలు ఒక విరుగుడు వెదకిన మాట కూడా వాస్తవం. పగలు దాగి ఉన్న వేళల్లో చదువు నేర్పడం దళజీవితంలో భాగం. పలక లేకపోతే నేలపై, ఇసుకపై అక్షరాలు దిద్దిన స్త్రీపురుషులు అనేకులు. గోర్కీ ‘అమ్మ’ నవలకు క్రొవ్విడి లింగరాజు చేసిన తెలుగు అనువాదం దళాల వరకూ చేరింది. చదవడం రానివారు చదివించుకొని విన్నారు. ‘చీటీల సంగం’ అని ప్రజలు పిలుచుకొన్న సంఘంలో సభ్యత్వపు చీటీ చదవలేని సభ్యుడు, 4 ఏండ్ల తరువాత పార్టీ కరపత్రం చదవగలిగినాడంటే, జీవననాణ్యత అన్న మాటకు అంతకు మించిన కొలమానం అవసరం లేదు. కాని అతనికి చదువు వచ్చేసరికి పోరాటం చివరిదశకు చేరినది.

5. స్త్రీలు

నేపథ్య ప్రభావాన్ని గూర్చిన ఏ చర్చయినా స్త్రీల దగ్గర కొంతసేపు ఆగక తప్పదు. వర్గం, కులం, లింగం మూడూ ఇక్కడ ఒకే శరీరంపై కలిసి పనిచేశాయి.

స్వరాజ్యం 1931లో జన్మించారు. దళజీవితం మొదలయ్యేనాటికి ఆమెది పదహారేండ్ల ప్రాయం. అన్న ప్రాంతనాయకుడు, తల్లి చొక్కమ్మ, అక్క శశిరేఖమ్మ ఆమెకు అండగా నిలిచినవారు. ప్రభుత్వం ఆమె తలకు 10 వేల రూపాయల వెల ప్రకటించింది. తరువాతి దశలో గోదావరి అడవులలో కోయల నడుమ ‘రాజక్క’ పేరిట పనిచేశారు. ఆమె అనుభవించిన ప్రమాదం ఎవరికీ తీసిపోదు. అయితే కుటుంబమంతా ఉద్యమంలో ఉండడం వల్ల ‘ఆడపిల్ల మగవాళ్లతో అడవిలో తిరుగుతున్నది’ అన్న నింద ఇంటినుంచి ఆమెకు ఎదురుకాలేదు. ఇది చిన్న వసతి కాదు.

కమలమ్మ కథ దీనికి పక్కన పెట్టి చదవవలసినది. దొరల ఇండ్లలో దాస్యం చేసిన కుటుంబ నేపథ్యం ఆమెది. అడవిలో పసిబిడ్డ ఏడుపు దళమంతటికీ ప్రమాదమన్న పరిస్థితిలో, ఆమె తన బిడ్డను ఇతరుల చేతిలో పెట్టవలసి వచ్చింది. ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ ఘట్టం చెప్పిన తీరు చదివినవారు సులువుగా మరువలేరు. బిడ్డను తల్లికో, అత్తకో, ఆవలి ఒడ్డున ఉన్న బంధువులకో అప్పగించగల కుటుంబం ఉన్న స్త్రీకి ఇటువంటి ఘడియ రాకపోవచ్చు. వచ్చినా ఆ బిడ్డ తిరిగి దొరుకుతుంది. బంధువులే పరాయి గడీలలో పనివారైన స్త్రీకి ఆ అవకాశమెక్కడిది? శత్రువు తుపాకి ఇద్దరినీ ఒకే విధంగా వెదకినది. నష్టం మాత్రం ఒకే విధంగా లేదు.

పార్టీ దృష్టిలోని లోపాలను సుందరయ్య తమ గ్రంథంలో స్త్రీలను గూర్చి రాసిన భాగంలో కొంతవరకు అంగీకరించారు. స్త్రీలకు వంట, చికిత్స, ఉత్తరాల చేరవేత, ప్రచారం అప్పగించి తుపాకి ఇవ్వడానికి వెనుకాడిన సందర్భాలున్నవి. ఇందులోనూ నేపథ్యం పనిచేసింది. ఉపన్యాసం ఇవ్వగల, పాట కట్టగల స్త్రీ ముందుకు వచ్చినది. చేను కోసిన చేయిగల స్త్రీ, అలవాటైన పనికే తిరిగి నియమితురాలైనది.

6. 1948 సెప్టెంబరు తరువాత

1948 సెప్టెంబరు 13న ప్రవేశించిన భారతసైన్యం 5 రోజులలో నిజాం ప్రభుత్వాన్ని లొంగదీసింది. జనరల్ జె. ఎన్. చౌధురి సైనిక గవర్నరైనారు. ఆనాటినుంచి పోరాట స్వభావం మారింది. అడవి లేని సూర్యాపేట, హుజూర్‌నగర్ మైదానంలో దళం నిలవడం దుస్సాధ్యమై, కొన్ని దళాలు కృష్ణా–నల్లమల వైపు, కొన్ని గోదావరి అడవుల వైపు తరలినవి.

మైదానపు మనిషికి అడవి ఒక శిక్ష. మలేరియా, తాగునీటి కొరత, బాట తెలియని గుట్టలు, భాష తెలియని గూడేలు. ఇక్కడ నేపథ్యపు లెక్క తారుమారైనది. చదువు, భూమి, నాయకత్వం అక్కరకు రాలేదు. గొర్రెలు కాచి గుట్టలు తిరిగినవాడు, తండాలో పుట్టినవాడు, దుంపలు, ఆకులు గుర్తుపట్టగలవాడు నిలదొక్కుకొన్నాడు. మెత్తని పాదాలవారికి వాడే మార్గదర్శి. కోయ యువకులు దళాలలో చేరడంతో అడవి కొంత లొంగినది. ఆ సహాయాన్ని తెంచడానికే ప్రభుత్వం గూడేలను ఖాళీచేయించి కోయలను శిబిరాలకు తరలించినదని సుందరయ్య వివరించారు.

మానసికంగా కూడా ఈ దశలో చీలిక వచ్చింది. రజాకార్లు పోయినారు గదా, ఇంకా ఎందుకు పోరాడాలి అన్న ప్రశ్నకు రావి నారాయణరెడ్డి వంటివారు విరమణే సమాధానమన్నారు; దేవులపల్లి వేంకటేశ్వరరావు వంటివారు కొనసాగింపును సమర్థించారు. సిద్ధాంతచర్చగా ప్రసిద్ధమైన ఈ వాదానికి సామాన్య దళసభ్యుని వైపునుంచి మరో ముఖమున్నది. నైజాం పోవడమే గమ్యంగా వచ్చినవానికి సెప్టెంబరులో పని ముగిసినది. పంచుకొన్న 2 ఎకరాలు గమ్యంగా వచ్చినవానికి, సైన్యం వెనుకనే దొర తిరిగి ఊరికి రావడం కంటి ముందర కనబడింది. అతడు తుపాకి దించకపోవడానికి కారణం సిద్ధాంత గ్రంథంలో కాదు, చెరువు కింది మడిలో వెదకవలసి ఉన్నది.

7. విరమణ, ఆ తరువాత

1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటితమైనది. అప్పటికి 4 వేలమంది ప్రాణాలు కోల్పోయారని, 10 వేలకు మించినవారు 3, 4 ఏండ్లు నిర్బంధంలో గడిపారని, ఒక దశలో 10 లక్షల ఎకరాలు పంపిణీ అయ్యాయని సుందరయ్య గణాంకం.

దళంలో కరిగినట్టు తోచిన భేదాలు, ఊరికి తిరిగివచ్చిన ఏడాదిలోనే పూర్వరూపం దాల్చినవి. 1952 ఎన్నికలలో రావి నారాయణరెడ్డి నల్లగొండ లోక్‌సభ స్థానంనుంచి జవహర్‌లాల్ నెహ్రూ కంటె అధిక ఓట్లతో గెలిచారు. అదే ద్విసభ్య నియోజకవర్గంలో షెడ్యూల్డు కులాల స్థానంనుంచి సుంకం అచ్చాలు ఎన్నికైనారు. ఆలేరునుంచి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు వెళ్లారు. మిర్యాలగూడనుంచి భీమిరెడ్డి నరసింహారెడ్డి 1971లోనూ, తరువాత మరి రెండుసార్లూ లోక్‌సభకు, తుంగతుర్తినుంచి స్వరాజ్యం 1978, 1983లలో శాసనసభకు ఎన్నికైనారు. అచ్చాలు పేరు నేడు పరిశోధకులకు సైతం వెంటనే స్ఫురించదు. మిగిలిన పేర్లు స్ఫురిస్తాయి.

సామాన్య స్త్రీలకు పార్టీ ఇచ్చిన సలహా ఇంటికి పొమ్మని, సంసారం చేసుకొమ్మని. ఆవలి ఒడ్డున అజ్ఞాతజీవితం గడిపిన కొండపల్లి కోటేశ్వరమ్మ తరువాత చదువు కొనసాగించి, కాకినాడలో వసతిగృహపు మేట్రన్‌గా జీవిక వెదకుకొన్నారు. ఆ కథ 2012లో ‘నిర్జన వారధి’గా వెలువడింది. ఆమెకు చదువు ఒక ఆధారమైనది. అది లేనివారు కూలికి పోయారు.

కేంద్రప్రభుత్వం 1972లో ప్రారంభించిన స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం నేపథ్య ప్రభావాన్ని కాగితంపై చూపే చివరి అధ్యాయం. ఆరంభంలో సాలీనా 5 వేల రూపాయల లోపు ఆదాయం గలవారికే అది వర్తించేది. 1980లో ఆ పరిమితి తొలగినది. 6 నెలల జైలుశిక్ష అర్హత. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 3 నెలలు. అజ్ఞాతవాసం చేసినవారు ప్రకటిత అపరాధిగా గాని, తలకు వెల కట్టబడినవారిగా గాని, నిర్బంధ ఉత్తరువు జారీ అయినవారిగా గాని రికార్డు చూపాలి. ప్రభుత్వం వెతికి వెల కట్టినది నాయకులకు. తలపాగా మడతలో ఉత్తరం దాచి పుట్టిమీద కృష్ణ దాటించినవానికి, దళానికి రాత్రి గట్క వండి పెట్టిన ఇల్లాలికి వారంటు లేదు. రికార్డు లేనిచోట, దీర్ఘకాలం జైలులో గడిపిన ప్రముఖ సమరయోధుడు తన ఎరుకమేరకు ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుంది. అటువంటి ప్రముఖులు ఈ ప్రాంతంలో ఎక్కువగా నాటి ప్రాంత, జిల్లా కమిటీల సభ్యులే. భగేలా ఇంటినుంచి దళానికి వెళ్లివచ్చిన మనిషి, ముప్పై ఏండ్ల తరువాత, తాను పోరాడినట్టు రుజువుచేసే సంతకంకోసం భూమిగల ఇంటి అరుగుమీద వేచి ఉండవలసి వచ్చింది.